రాత్రి దీపమునకు ఏ రంగు మేలు?



చీర కొనబోవునపుడు రంగు విషయమున మనము చూపు శ్రద్ధ యింతంత కాదు. అంగడిలో రెండు గడియలు కూర్చుండి, గుట్టలు దింపించి, వీధి వెలుతురులోనికి తెచ్చి చూచి గాని తృప్తి పడము. కాని రాత్రియెల్ల మన పడకటింట వెలుగు చిన్నదీపపు రంగు మాట వచ్చునప్పటికి, అంగడివాడు చేతికిచ్చినదే పుచ్చుకొని వత్తుము. మేమును మొన్న మొన్నటి వరకు అట్లే చేసితిమి. జీరో బల్బు అని మనమందరము పిలుచుకొను ఆ చిన్నదీపము మా యింట చిరకాలము నీలిరంగుది. నీలము కంటికి చల్లన అని యెవరో చెప్పగా విని, విచారింపక నమ్మితిమి. గత కార్తికమాసమున మా యింట జరిగిన యొక సంగతి మమ్ము విచారింపజేసినది.

మా అత్తగారికి 72 ఏండ్లు. రాత్రి రెండుమారులు లేచి పెరటిలోనికి పోవుట ఆమెకు అలవాటు. వసారాకును పెరటికిని నడుమ రెండు మెట్లు కలవు. ఆ రాత్రి మూడు గంటల వేళ ఆమె లేచి, వసారాలోని ట్యూబులైటు వేసికొని, తలుపు గడియ తీసి, ఊరక కరెంటు కాలనేల అని దీపమార్పి మెట్లు దిగబోయినది. మొదటి మెట్టు కాలికి దొరకినది, రెండవది దొరకలేదు. కుడిచేతి మణికట్టు విరిగినది. ఆరు వారములు కట్టుతో ఉండవలసి వచ్చెను.

ఆమెకు నొప్పికంటె అవమానము హెచ్చుగా నుండెను. “చీకటి నాకు కొత్తా అమ్మాయీ? నలభై ఏళ్లుగా ఈ మెట్లు దిగుతున్నాను. ఆ రాత్రి మాత్రం కళ్లకు నల్లగుడ్డ కట్టినట్లయింది” అని పదే పదే అనుచుండెను. మేము ఆమె కంటిచూపు తగ్గినదని నిశ్చయించి, మరునాడే పెరటి గోడకు మిక్కిలి తెల్లని, మిక్కిలి ప్రకాశవంతమైన దీపమొకటి పెట్టించితిమి. దానివలన మేలు కలుగలేదు సరికదా, ఆమె రాత్రులు లేచుటకే భయపడసాగెను. లేవవలసిన పని లేకుండుటకై సాయంకాలము ఆరు గంటల తరువాత మంచినీళ్లు త్రాగుట మానివేసినది. ఆ సంగతి మాతో చెప్పనేలేదు. రెండు వారములకు మూత్రమున మంట పుట్టి వైద్యుని యొద్దకు పోయిననాడు గాని అది బయటపడలేదు. పడుటచేత ఒక చేయి విరిగెను, పడుదునను భయముచేత ఒడలే చెడుచుండెను.

మావారు బడిలో భౌతికశాస్త్రము చెప్పుదురు. ఆయన అన్నియు విని, “అమ్మను పడద్రోసినది చీకటి కాదు, ట్యూబులైటు” అనిరి. మొదట మాకది పరిహాసముగా తోచెను. అటుపై ఆయన చెప్పినదియు, మేము పుస్తకములు చూచి తెలిసికొనినదియు ఇచ్చట వ్రాయుచున్నాము.

మన కంటిలోపలి తెరమీద, అనగా రెటీనా మీద, వెలుగును గ్రహించు కణములు రెండు తెగలు. శంకువువలె నుండునవి యొక్కొక కంట సుమారు 60 లక్షలు. కడ్డీవలె నుండునవి సుమారు 12 కోట్లు. శంకుకణములు పగటికి అధికారులు. రంగులు తెలియునది వీనివలననే, సూదిలో దారమెక్కించునది వీనివలననే. కడ్డీకణములు రాత్రికి అధికారులు. వీనికి రంగు తెలియదు, సన్నని అక్షరము తెలియదు. కాని మిణుకుమను వెలుతురులో గోడ యెక్కడ, గుమ్మమెక్కడ అని చెప్పగలవు. అమరసింహుడు చీకటిరాత్రికి తమిస్ర యనియు, వెన్నెలరాత్రికి జ్యౌత్స్ని యనియు వేరువేరు పేర్లు చెప్పినాడు. ఆ తమిస్రలో సైతము మన పెద్దలు చుక్కల వెలుతురున నడచి పోయిరనిన అది యీ కడ్డీకణముల చలువయే.

ఈ కణములలో ఒక వర్ణద్రవ్యము కలదు. దానికి రొడాప్సిన్ అని పేరు. 1876లో రోమునగరమున పనిచేయుచుండిన ఫ్రాంజ్ బోల్ అను జర్మను శాస్త్రజ్ఞుడు కప్పకంటి లోపలి తెరను చీకటిలో తీసి చూడగా అది ఎర్రగా నుండి, వెలుగు తగులగానే వెలవెలబోయెనట. మన కంటను జరుగునది అదియే. చీకటిలో ఆ రంగు మెల్లమెల్లగా ఊరును. గట్టి వెలుగు తగిలిన క్షణములో వెలిసిపోవును. మరల నిండుటకు తొందర లేదు. శంకుకణములు పది నిమిషములలో తేరుకొనును గాని, కడ్డీకణములు పూర్తిగా తేరుకొనుటకు అరగంటకు పైగా పట్టును. పాలు తోడుకొనుటకు రాత్రియెల్ల పట్టి, విరుగుటకు ఒక్క నిమ్మచుక్క చాలినట్లు.

అత్తగారి సంగతి ఇప్పుడు తేటపడుచున్నది. ఆమె నిద్రలేచునప్పటికి కన్నులు నాలుగైదు గంటలు చీకటిలో నుండి సంపూర్ణముగా సిద్ధముగా నుండెను. ఆ నిమిషమున ఏ దీపము లేకున్నను, నక్షత్రకాంతిలో ఆ మెట్లు కొంత కనబడియే యుండును. ట్యూబులైటు వేసి, రెండు నిమిషములు దాని క్రింద నిలిచి, ఆర్పుటతో ఆమె రాత్రిచూపు నంతయు ఒక్కసారి పోగొట్టుకొని, కన్నులు రెండును తెరచియుండగనే గ్రుడ్డిదానివలె మెట్లమీద కాలుపెట్టినది. ముదిమి దీనికి తోడైనది. వయసు మీరినకొలది కనుపాప చిన్నదగును, లోని కటకము పసుపువారును. అరువదేండ్లవారి కంటిలోపలికి చేరు వెలుగు ఇరువదేండ్లవారికి చేరుదానిలో సుమారు మూడవవంతు మాత్రమే. చీకటికి అలవడుటయు వారికి ఆలస్యమగును. మనకు చాలిన వెలుతురు మన అత్తలకు చాలదు, వారు తేరుకొనులోపల మనము నాలుగడుగులు వేసియుందుము. “ఏమత్తయ్యా, అక్కడే నిలబడ్డారు?” అని విసుగుకొనిన దినములు మాకు జ్ఞప్తికి వచ్చి సిగ్గు కలుగుచున్నది.

ఇక రంగు మాట. ఇది చదువరులు తమ పెరటిలోనే నేడు పరీక్షింపవచ్చును. మునిమాపువేళ, దీపములు పెట్టకమునుపు, ఎర్రమందారమును శంఖపుష్పమును ప్రక్కప్రక్కన చూడుడు. పగలు మందారమే ముందు కంటబడును. చీకటి ముసరుకొలది మందారము నల్లబడి ఆకులలో కలిసిపోవును. నీలి శంఖపుష్పము పాలిపోయి, తెల్లదివలె తేలి కనబడును. బొహీమియా దేశీయుడగు పుర్కిన్యే అను శాస్త్రజ్ఞుడు తెల్లవారుజామున రంగులను పరికించి, ఎరుపు అన్నిటికంటె నల్లగాను నీలము అన్నిటికంటె ముందుగాను కనబడుట గమనించి 1825లో ప్రకటించెను. మన ముత్తవ్వలు ఏనాడో దీనిని చూచియే యుందురు గాని, వ్రాసి పెట్టలేదు.

కారణమిది. కడ్డీకణములకు మిక్కిలి పట్టుబడునది సుమారు 500 నానోమీటర్ల తరంగము గల నీలిపచ్చని వెలుగు. 620 దాటిన ముదురు ఎరుపు వానికి పట్టుబడనే పట్టుబడదనుకొనవచ్చును. శంకుకణములకు మాత్రము ఎరుపు తెలియును. కనుక మందమైన ఎర్రదీపపు వెలుతురులో శంకుకణములు మనకు గుమ్మము చూపుచుండగా, కడ్డీకణములు తమ నిలువ ఖర్చుకాక నిదురించియుండును. ఫొటోలు తీయువారి చీకటిగదిలో వెనుక ఎర్రదీపముండుట మనలో కొందరు చూచియుందురు. ఆ కాగితపు పూతకు ఎరుపు సోకదు గనుక అది చెడదు. కంటి సంగతియు దాదాపు అంతియే. రెండవ ప్రపంచయుద్ధమున రాత్రి విమానము నడపవలసినవారు బయలుదేరుటకు అరగంట ముందుగా ఎర్రఅద్దముల కళ్లజోళ్లు పెట్టుకొని వెలుతురులోనే కూర్చుండి పని చూచుకొనెడివారు. ఆకాశము చూచువారు నేటికిని ఎర్రదీపమే వాడుదురు. మావారు పిల్లలను మేడమీదికి చుక్కలు చూపుటకు కొనిపోవునపుడు టార్చికి ఎర్ర గాజుకాగితము మూడు మడతలు చుట్టి కట్టుట మేము చూచుచునే యుంటిమి గాని, అది మన పడకటింటికి పనికివచ్చునని తోచలేదు.

నీలమును ఆకుపచ్చను కంటికి చల్లన అను మాట ఆ విధముగా మా యింట వీగిపోయినది. పగటి తోటకు అది నిజము కావచ్చును. రాత్రి దీపమునకు మాత్రము కడ్డీకణముల నిలువను తొందరగా హరించునవి ఆ రెండు రంగులే. తెల్లని యెల్.ఇ.డి. దీపములలోను నీలము పాలు హెచ్చు. అట్టపెట్టెమీద 6500 అని యుండునది మరింత నీలము, 2700 అని యుండునది పసుపుతట్టు. నీలపువెలుగు మరియొక కీడును చేయును. నిద్రవేళ దేహమున పుట్టు మెలటోనిన్ అను రసమును అది అణచును గనుక, నడిరేయి లేచినవారికి మరల నిద్రపట్టుట కష్టమగును. పచ్చదీపమే మేలనువారు లేకపోలేదు. అతి స్వల్పమైన పచ్చవెలుగుతోనే కడ్డీకణములు చాలవరకు చూడగలవు గనుక, మిణుగురంత పచ్చదీపము చాలునని వారి వాదము. అది తప్పు గాదు. కాని మిణుగురంత దీపమును అంగడిలో ఎవరమ్ముచున్నారు? పాతకాలపు జీరో బల్బు పేరునకు జీరోయే గాని 15 వాట్లు కాలెడిది.

ఎర్రదీపము తెచ్చి బిగించిన రాత్రి మా అత్తగారు చూచి, “ఇదేమి రైలు స్టేషనటే అమ్మాయీ, ఎర్రదీపం పెట్టుకుని పడుకోవడానికి?” అనిరి. మేమును నవ్వితిమి. నిజమునకు అది మంచముమీదనుండి చూచిన ఘోరముగానే యుండెను. రంగు ఎట్టిదైనను, గట్టిగా వెలుగునది కంటి కెదురుగా నున్న కీడే; ఎరుపు అని పేరుపెట్టి గది నిండ ఎర్రని వెలుతురు నింపిన ఫలము లేదు. రంగుకంటె ముందు చూడవలసినది మందత, దానికంటె ముందు చోటు. కావున మావారు దానిని గోడమీదనుండి తీసి, నేలకు జానెడెత్తున, మంచపుకోడు వెనుక బిగించిరి. ఇప్పుడు దీపము కనబడదు, నేల మాత్రము కనబడును. గుమ్మము దగ్గర ఒకటి, మెట్ల ప్రక్కన ఒకటి, అదే తీరున పెట్టితిమి. మెట్ల అంచులకు వెడల్పుగా సున్నపుచార దిద్దితిమి. అన్నిటిలోను ఉపకరించినది ఆ సున్నమేమో యని మాకు అప్పుడప్పుడు తోచుచుండును.

ఎర్రదీపముతో వచ్చు చిక్కులును చెప్పకున్న ఈ వ్రాత మోసమగును. వారము తిరుగకముందే ఒకటి తెలిసినది. వేకువజామున అత్తగారు ఆ దీపపు వెలుతురునందే బొట్టుపెట్టుకొనబోయి, “కుంకుమ భరిణెలో పసుపు పోసిందెవరు?” అని కేకవేసిరి. ఎర్రని వెలుతురులో కుంకుమయు పసుపును ఒక్కతీరున పాలిపోయి కనబడును, తేడా తెలియదు. దానికి నవ్వుకొంటిమి. కాని తరువాతి దినమే నవ్వరాని సంగతి జరిగినది. ఆమె రోజును వేసికొను మాత్రలు రెండు. ఒకటి తెల్లనిది, ఒకటి గులాబిరంగుది. ఆ వెలుతురులో రెండును తెల్లనివే. ఒక్కటే మాత్ర రెండుమారులు వేసికొనబోవుచుండగా మేము చూచి ఆపితిమి. తెల్లకాగితముమీద ఎర్రసిరాతో అచ్చువేసిన అక్షరములు ఎర్రదీపము క్రింద కంటికి దాదాపు ఆననే ఆనవు. మందుసీసామీద హెచ్చరిక ఎర్రని అక్షరములలోనే యుండునని వేరుగ చెప్పనక్కరలేదు. గాయమునుండి నెత్తురు కారుచున్నను ఆ వెలుతురులో పోల్చుట కష్టము. కనుక మందు పుచ్చుకొనునపుడు, బిడ్డకు జ్వరము చూచునపుడు, తెల్లదీపము వేసియే చూడవలయును. ఆ పని యైన తరువాత అయిదు నిమిషములు మంచముమీదనే కూర్చుండవలయును. మా అబ్బాయి దీని కొక ఉపాయము కనిపెట్టినాడు: దీపము వేయకముందే ఒక కంటిని అరచేత మూసికొని, దీపమార్పిన పిదప ఆ కన్ను తెరచుట. రెండు కన్నులును దేనికది తన నిలువ తాను దాచుకొనును గనుక, మూసిన కన్నునకు చీకటిలో దారి తెలియును. మేము చేసి చూచితిమి, నిజమే. కరెంటు పోయిన రాత్రులు పిల్లల కిది మంచి ఆట.

రెండవ చిక్కు మరింత గట్టిది. ఎర్రదీపము ఇంటిలోపలి నున్నని నేలకే గాని, పెరటికి, పొలముగట్టునకు పనికిరాదు. కట్లపాము తిరుగునది రాత్రివేళనే. మందమైన ఎర్రవెలుతురులో దానిని ఎండుపుల్లనుండి పోల్చుట ఎవరితరము? వాకిలి దాటి పోవువారు గట్టి తెల్లని టార్చి పట్టుకొని, కాలిముందు వేసికొని, తిరిగి లోపలికి వచ్చి దీపము క్రింద కూర్చుండువరకు ఆర్పక నడువవలయును. అత్తగారు చేసిన పొరపాటు దీపము వేయుట కాదు, నడుమ ఆర్పుట. కరెంటు పొదుపు చేయుటకు పగలు కావలసినన్ని యవకాశములున్నవి.

ఇక నొక ముఖ్యమైన మాట. దీపము రంగు మార్చినను, అరగంట చీకటిలో కూర్చుండినను చూపు తేరుకొననివారు కలరు. అది రేచీకటి కావచ్చును. రొడాప్సిన్ తయారగుటకు విటమిన్ ఏ కావలయును. కంటి తెరలో ఆ విటమిన్ కలదని జార్జి వాల్డ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1933లో కనిపెట్టెను, 1967లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చెను. మన ప్రాచీనులకును ఈ త్రోవ తెలిసినదే: సుశ్రుతసంహితలో రేచీకటికి మేక కాలేయము చెప్పబడినది. కాలేయమున ఆ విటమిన్ మెండుగా నుండునని నేటివారును చెప్పుచున్నారు. శాకాహారులకు మునగాకు, తోటకూర, పొన్నగంటికూర, బొప్పాయి, పండుమామిడి, క్యారెట్టు కలవు. వీనిని కొంచెము నూనెతో గాని నేతితో గాని తినిననే దేహమునకు పట్టును. మన దేశమున 1970 నుండి చిన్నబిడ్డలకు ఈ విటమిన్ చుక్కలు వేయుచున్నారు. తొమ్మిదవ నెలలో ఒక లక్ష యూనిట్లు, పిదప అయిదేండ్లు నిండువరకు ఆరు నెలలకొకమారు రెండు లక్షలు. అంగన్‌వాడీ వారు పిలిచినపుడు, బిడ్డ బాగుగానే యున్నదిగదా అని మానరాదు.

గర్భిణులకును రేచీకటి కలుగవచ్చును. మునిమాపువేళ వాకిలి దిగుటకు జంకు కోడలిని చూచి, సోమరితనమనియో భయస్థురాలనియో అనుకొను ఇండ్లు మేమెరుగుదుము. ఆమెయు ఏమందురోయని నోరు విప్పదు. అట్టివారిని వెంటనే వైద్యునికి చూపవలయును. తోచినట్లు విటమిన్ ఏ మాత్రలు కొని మ్రింగుట మాత్రము తగదు. గర్భవతి హెచ్చు మోతాదున పుచ్చుకొనిన కడుపులోని బిడ్డకే కీడు. పెద్దలలో శుక్లము వలనను, మధుమేహము వలనను రాత్రిచూపు తగ్గును. పుట్టుకతో వంశమున వచ్చునదియు నొకటి కలదు. ఇవి ఏవియు దీపపు రంగుతో తీరునవి కావు.

మా యింట నేటికి అయిదు నెలలైనది. అత్తగారు మణికట్టు పూర్తిగా త్రిప్పలేరు గాని, రాత్రులు తామే లేచి పోయి వచ్చుచున్నారు. పెరటికి టార్చి పట్టుకొని పోవుట నేర్చిరి. పడుకొనబోవునపుడు చెంబెడు నీళ్లు మంచము ప్రక్కన పెట్టించుకొందురు, తెల్లవారునప్పటికి అది ఖాళీగా నుండును. పిల్లల సంగతియే మాకు వశము కాకున్నది. వారు పడకమీద ఫోను ముఖముమీద పెట్టుకొని చూచి, ఒక్కసారి దానినార్పి మంచినీళ్లకు లేచి, నాయనమ్మ మంచపుకోటికి తన్నుకొనుచున్నారు. వారు తన్నుకొనినప్పుడెల్ల ఆమె చీకటిలోనుండి, “మెల్లగా రా నాయనా, కింద దీపం ఉంది చూడు” అని చెప్పుట మాకు ప్రక్కగదిలోనికి వినబడుచుండును. పొరుగింటి పిన్నిగారు మొన్న వచ్చి చూచి, పురిటికి వచ్చిన తమ అమ్మాయి గదికి అటువంటిదే యొకటి కావలెనని మావారి నడిగిరి. మంచము వెనుక జానెడెత్తున పెట్టవలెననియు, మందుసీసాలకు మాత్రము తెల్లదీపమే వేయవలెననియు మేము రెండుమారులు చెప్పి పంపితిమి.